ఐర్లాండ్ పబ్బుల అసలు వయసెంత?

ఐర్లాండ్ నడిబొడ్డున, షానన్ నది ఒడ్డున అథ్లోన్ అనే ఊరుంది. అక్కడి పాతకోట పక్కనే మెయిన్ స్ట్రీట్‌లో షాన్స్ బార్ అనే పబ్బు ఉంది. లోపల నేలంతా రంపపు పొట్టు చల్లి ఉంటుంది. ముందు గుమ్మం నుంచి వెనక వైపుకి నేల బాగా ఏటవాలుగా దిగుతుంది. షానన్‌కి వరదొచ్చి నీళ్లు లోపలికి వస్తే వాటంతటవే నదిలోకి జారిపోవాలని అలా కట్టారట. గోడకు అద్దం బిగించి, దాని వెనక ఓ తడికె ముక్కను భద్రంగా దాచారు. సన్నని కొమ్మలు అల్లి మట్టి మెత్తిన పాతకాలపు గోడ అది. దాన్ని చూపించి పబ్బు వాళ్లు చెప్పే సంవత్సరం: క్రీ.శ. 900.

ఈ లెక్కన షాన్స్ బార్‌కి పదకొండు వందల ఏళ్లు దాటాయి. ఐర్లాండ్‌లోనే కాదు, యూరప్ మొత్తంలో ఇదే అతి పాత బార్ అని ప్రచారం. గిన్నిస్ రికార్డుల వాళ్లిచ్చిన సర్టిఫికెట్ కూడా ఉంది. పర్యాటకులు కౌంటర్ ముందు ఫొటో దిగి, ఓ గ్లాసు తాగి, నమ్మేసి వెళ్లిపోతారు. నమ్మకపోతే ఏమవుతుంది? కొంచెం తవ్వి చూస్తే ఏం బయటపడుతుంది?

మొదట తడికె సంగతి. 1970లో పబ్బుకి మరమ్మతులు చేస్తుండగా ఈ గోడ, దానితోపాటు కొన్ని పాత నాణేలు దొరికాయి. వెనకటి యజమానులు ఖాతాదారులతో లావాదేవీల కోసం సొంతంగా ముద్రించుకున్న బిళ్లలవి అని పబ్బు చెప్పే కథ. గోడ 900 నాటిదని, లూయన్ అనే ఆయన నది దాటించే రేవు దగ్గర సత్రం నడిపాడని, ఊరికి ఆ పేరు ఆయన వల్లే వచ్చిందని కథ సాగుతుంది.

ఇక్కడే చరిత్రకారుడికి మొదటి అనుమానం వస్తుంది. ఐర్లాండ్ గడ్డ మీద మొట్టమొదటి నాణెం ముద్రించింది డబ్లిన్‌ని ఏలిన వైకింగ్ రాజు సిట్రిక్. అది దాదాపు క్రీ.శ. 997లో. అంతకు ముందు ఆ దీవిలో తిరిగిన వెండి నాణేలన్నీ బయటి నుంచి వచ్చినవే. సాక్షాత్తు రాజులకే సొంత నాణెం లేని రోజుల్లో ఓ రేవు దగ్గర సత్రం నడిపేవాడు బిళ్లలు ముద్రించాడంటే నమ్మడం కష్టం. మరి దుకాణదారులు, సత్రాల వాళ్లు తమ పేరుతో రాగి బిళ్లలు ముద్రించుకున్న కాలం ఐర్లాండ్‌లో లేదా అంటే, నిక్షేపంలా ఉంది. చిల్లర కరువైన 1650ల నుంచి 1670ల దాకా ఊరూరా వ్యాపారులు చేసిన పని అది. యజమాని బిళ్లలు అన్న వివరణ నిజమే అయితే అది క్రీ.శ. 900ని కాదు, పదిహేడో శతాబ్దాన్ని పట్టిస్తుంది.

తడికె గోడ కూడా అంత గట్టి సాక్షి ఏమీ కాదు. డబ్లిన్‌లో 1970ల్లో వుడ్ క్వే, ఫిషాంబుల్ స్ట్రీట్ తవ్వకాల్లో వైకింగ్ కాలపు తడికె గోడల ఇళ్లు గుట్టలుగా బయటపడ్డాయి. ఆ చోటు మీద కార్పొరేషన్ ఆఫీసులు కట్టొద్దని 1978లో వేలాది మంది ఊరేగింపు తీశారు కూడా. ఆ ఇళ్లలో మనుషులు వండుకున్నారు, దువ్వెనలు చెక్కారు, తోలు కోశారు. తడికె గోడ అంటే ఇల్లు అని అర్థమే తప్ప పబ్బు అని కాదు. పైగా అల్లిన కొమ్మకు కార్బన్ పరీక్ష చేస్తే తెలిసేది ఆ కొమ్మ నరికిన కాలం. ఆ గోడ అవతల ఎవరైనా డబ్బు పుచ్చుకుని ఏల్ అనే బీరు పోశారా లేదా అన్నది ఏ ప్రయోగశాలా చెప్పలేదు.

ఊరి చరిత్ర ఇంకో అడ్డంకి. అథ్లోన్ దగ్గర షానన్ మీద తొలి వంతెన 1120లో, తొలి కోట 1129లో కట్టినట్టు ఐరిష్ వార్షిక వృత్తాంతాలు చెబుతాయి. రెండూ కొనాక్ట్ రాజు టర్లో ఓకానర్ పనులే. ఇప్పుడున్న రాతి కోట 1210లో ఇంగ్లండ్ రాజు జాన్ హయాంలో లేచింది. ఆ తర్వాత 1691 జూన్‌లో అథ్లోన్ ముట్టడి జరిగింది. నదికి అవతల ఒడ్డున దిగిన ఇంగ్లండ్ రాజు విలియం సైన్యం ఈ ఒడ్డు మీది కోటని, చుట్టూ ఉన్న ఇళ్లని చితక్కొట్టింది. పన్నెండు వేలకు పైగా ఫిరంగి గుండ్లు పేలాయని, ఐర్లాండ్ చరిత్రలోనే అంత భారీ గుళ్లవాన మరోటి లేదని చెబుతారు. షాన్స్ బార్ ఉన్నది సరిగ్గా ఆ కోట పక్కన. దేశంలోని పురావస్తు, వాస్తు జాబితాలు ఈ భవనాన్ని 17వ లేదా 18వ శతాబ్దానికి చెందినదిగా లెక్కగట్టడంలో అందుకే వింతేమీ లేదు. మూడు వందల ఏళ్ల పబ్బు కూడా తక్కువ వస్తువు కాదు. కానీ పదకొండు వందలు వేరు.

మరి గిన్నిస్ సర్టిఫికెట్ మాటేమిటి? ఆ రికార్డుల పుస్తకం పుట్టుకే పబ్బు కబుర్ల కోసం. 1951లో గిన్నిస్ బీరు కంపెనీ పెద్ద సర్ హ్యూ బీవర్ వెక్స్‌ఫర్డ్ కౌంటీలో పక్షుల వేటకు వెళ్లి, యూరప్‌లో అన్నిటికన్నా వేగంగా ఎగిరే వేట పక్షి ఏదన్న వాదనలో ఇరుక్కున్నాడు. జవాబు చెప్పే పుస్తకం ఒక్కటీ దొరకలేదు. ఇలాంటి పంతాలు ప్రతి రాత్రీ పబ్బుల్లో నడుస్తూనే ఉంటాయి కదా, వాటిని తేల్చే పుస్తకం ఉంటే బాగుంటుందనుకున్నాడు. 1955లో తొలి కూర్పు వచ్చింది. అలాంటి పుస్తకం కూడా పబ్బుల వయసు దగ్గర చేతులెత్తేసింది. ఇంగ్లండ్‌లో సెయింట్ ఆల్బన్స్ ఊళ్లోని ‘యే ఓల్డ్ ఫైటింగ్ కాక్స్’ అనే పబ్బు 793లో పుట్టానని చెప్పుకునేది. దానికిచ్చిన ‘అతి పాత పబ్బు’ రికార్డును, రుజువు చేయడం అసాధ్యమంటూ 2000లో పక్కన పెట్టేశారు. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో ఓ మఠం ఆవరణలోని భోజనశాల 803 నాటిదాన్నని అంటుంది. అంటే యూరప్ కిరీటం కోసం అథ్లోన్‌కి అక్కడా పోటీ ఉంది.

తెలుగు పాఠకులకు ఈ వ్యవహారం కొత్తేమీ కాదు. మన గుళ్లకు స్థలపురాణం ఉంటుంది, శాసనమూ ఉంటుంది. పురాణం త్రేతాయుగం అంటుంది, గోడ మీది శాసనం పన్నెండో శతాబ్దం అంటుంది. రెండిటినీ ఒకే గాటన కట్టేవాళ్లు తక్కువ. ఐర్లాండ్ పబ్బుల దగ్గర చిక్కేమిటంటే, బోర్డు మీద రాసేది స్థలపురాణం, చదివేవాళ్లేమో దాన్ని శాసనం అనుకుంటున్నారు.

అసలు పబ్బు వయసు అంటే దేని వయసు? ఆ స్థలంలో ఏదో ఓ కాలంలో తాగే చోటు ఉండేదనా? ఇప్పుడున్న గోడల వయసా? మొదటి లైసెన్సు తేదీనా? ఆ పేరు మొదలైన ఏడాదా? ఆ కుటుంబం కొట్టు తెరిచిన రోజా? ఇవన్నీ వేర్వేరు జవాబులిస్తాయి. బోర్డు రాయించే యజమాని వాటిలో అన్నిటికన్నా పాతదాన్ని ఏరుకుంటాడు. ఇందులో మోసం ఉందని చెప్పలేం, బేరం మాత్రం ఉంది.

డబ్లిన్‌లోని ‘బ్రేజన్ హెడ్’ దీనికి మంచి ఉదాహరణ. లిఫీ నదికి దక్షిణాన లోయర్ బ్రిడ్జ్ స్ట్రీట్‌లో ఉన్న ఈ పబ్బు 1198 నాటిదాన్నని చెప్పుకుంటుంది. డబ్లిన్‌లో చదువుకునే, ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లు ఊరి నుంచి ఎవరైనా వస్తే తీసుకెళ్లి చూపించే చోట్లలో ఇదొకటి. కాగితాలు చెప్పేది వేరు. ఇక్కడ ఒక వర్తకుడి నివాసం 1613 నాటికే ఉంది. బ్రేజన్ హెడ్ ప్రస్తావన 1653 పత్రాల్లో దొరుకుతుంది. ఇప్పుడు కనిపించే కట్టడం 1754లో గుర్రపు బగ్గీల మీద వచ్చే ప్రయాణికులకు సత్రంగా కట్టింది. క్రిస్టఫర్ క్విన్ అనే యజమాని గదులూ నేలమాళిగలూ సిద్ధం చేశానంటూ ఆ దశాబ్దంలోనే ప్రకటన ఇచ్చుకున్నాడు. ఆ తర్వాత కథ బోలెడు. బ్రిటిష్ పాలన మీద తిరగబడి 1803లో ఉరికంబం ఎక్కిన రాబర్ట్ ఎమ్మెట్ ఇక్కడ బస చేశాడంటారు. జేమ్స్ జాయిస్ నవల ‘యులిసిస్’లో దీని పేరు వస్తుంది. ఇంత ఉన్నా 1198 మాత్రం వదలరు.

ఆ ఏడాదికి దగ్గరలో డబ్లిన్‌లో తాగే చోట్లు లేవని కాదు. బ్రేజన్ హెడ్‌కి కూతవేటు దూరంలోని వైన్‌టావెర్న్ స్ట్రీట్‌కి మధ్యయుగాల నుంచీ సారాయి అంగళ్ల వీధిగానే పేరు. కానీ వీధిలో అంగళ్లుండటం వేరు, ఇదే అంగడి అదే చోట ఎడతెగకుండా నడవడం వేరు. ఆ రోజుల్లో ఏల్ కాచేది ఎక్కువగా ఆడవాళ్లు, అదీ ఇళ్లలోనే. కాచిన ఏల్ నిల్వ ఉండేది కాదు. ఉన్నప్పుడు గుమ్మం దగ్గర అమ్మేవాళ్లు, అయిపోతే తలుపు వేసేవాళ్లు. శాశ్వతమైన బోర్డు, శాశ్వతమైన పేరు అన్నవి తర్వాతి కాలపు సంగతులు.

ఐర్లాండ్‌లో ఏల్ అమ్మేవాళ్లు లైసెన్సు తీసుకోవాలన్న చట్టం 1635లో వచ్చింది. అక్కడి నుంచి కాగితం జాడ మొదలవ్వాలి. మొదలైంది కూడా. ఆ కాగితాలు ఇప్పుడెక్కడ?

బ్రేజన్ హెడ్ నుంచి వంతెన దాటి, నదికి అవతల కొన్ని నిమిషాలు నడిస్తే ఫోర్ కోర్ట్స్ భవనం వస్తుంది. ఆ వంతెన పేరు ఫాదర్ మాథ్యూ బ్రిడ్జ్. మాథ్యూ 19వ శతాబ్దంలో లక్షల మంది ఐరిష్ వాళ్లతో తాగుడు మానతామని ఒట్టు వేయించిన మతగురువు. అతి పాత పబ్బుకి దారి చూపే వంతెనకి ఆయన పేరు పెట్టడం డబ్లిన్ వాళ్లకే చెల్లింది. ఫోర్ కోర్ట్స్ ఆవరణలోనే దేశపు పబ్లిక్ రికార్డ్ ఆఫీసు ఉండేది. 1922లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందాన్ని వ్యతిరేకించిన దళం ఆ భవనంలో తిష్ఠ వేసింది. కొత్త ప్రభుత్వం ఫిరంగులు ఎక్కుపెట్టింది. జూన్ 30న పేలుడు, మంటలు. మధ్యయుగాల నుంచి పోగుచేసిన ఏడు శతాబ్దాల కాగితాలు కాలిపోయాయి. తునకలు గాలిలో లేచి నగరమంతా రాలాయి. కోర్టు చిట్టాలు, వీలునామాలు, 1821 నుంచి 1851 దాకా తీసిన జనాభా లెక్కల్లో సింహభాగం అందులోనే పోయాయి. 1861, 1871 లెక్కల్ని ప్రభుత్వమే అంతకు ముందు నాశనం చేసింది. 1881, 1891 లెక్కలు మొదటి ప్రపంచ యుద్ధకాలంలో కాగితపు గుజ్జుగా మారాయి.

పబ్బుల స్థలపురాణాలు ఇంత ధైర్యంగా నిలబడటానికి ఈ మంట కూడా ఒక కారణం. అవునని చెప్పే కాగితం లేదు, కాదని చెప్పే కాగితమూ లేదు.

అయినా పరిశోధకుల చేతులు ఖాళీగా లేవు. 1708లో మొదలైన దస్తావేజుల రిజిస్ట్రీ ఫోర్ కోర్ట్స్‌లో కాక వేరే చోట ఉండబట్టి బతికిపోయింది. ఇల్లు ఎవరు ఎవరికి, ఎన్నేళ్ల కౌలుకి ఇచ్చారో అందులో దొరుకుతుంది. 1756లో జాన్ రోక్ గీసిన డబ్లిన్ పటంలో వీధులే కాదు, ఒక్కొక్క ఇంటి ఆకారం కనిపిస్తుంది. 1847, 1864 మధ్య రిచర్డ్ గ్రిఫిత్ చేయించిన ఆస్తుల మదింపులో ప్రతి ఇంటి అనుభవదారు పేరు, భూస్వామి పేరు, పన్ను విలువ ఉన్నాయి. వాటిని పాత వ్యాపార డైరెక్టరీలతో, వార్తాపత్రికల ప్రకటనలతో పోల్చి చూడాలి. ఓపిక కావాలి. ఎందుకంటే ఐర్లాండ్‌లో పబ్బుకి ఎక్కువగా యజమాని ఇంటిపేరే పెడతారు. చేతులు మారితే బోర్డూ మారుతుంది. ఒకే గది వందేళ్లలో నాలుగైదు పేర్లు మార్చుకుంటుంది.

లైసెన్సు చట్టం ఇంకో మెలిక పెట్టింది. 1902 చట్టం కొత్త లైసెన్సులకు దాదాపు తలుపులు మూసేసింది. కొత్తగా పబ్బు పెట్టాలంటే పాత లైసెన్సు ఒకటి కొని రద్దు చేయించాలి. 2000లో వచ్చిన చట్టంతో దేశంలో ఏ మూల లైసెన్సునైనా మరో మూలకి తెచ్చుకునే వీలు దొరికింది. దాంతో ఎక్కడో పల్లెలో మూతపడ్డ పబ్బు లైసెన్సు డబ్లిన్ శివారులో కొత్త సూపర్‌మార్కెట్‌కి చేరవచ్చు. కాగితం పాతదే, గోడలు మాత్రం నిన్న కట్టినవి.

గోడల వయసు తేల్చడానికి నమ్మదగ్గ సాక్షి దూలం. ఓక్ చెట్టు ఏటా ఓ వలయం వేస్తుంది. వాన బాగా పడ్డ ఏడు వెడల్పుగా, కరువు ఏడు సన్నగా. ఈ వరస ఒక ప్రాంతంలోని చెట్లన్నిటిలో ఒకేలా ఉంటుంది కాబట్టి, పాత దూలం వలయాలని ప్రామాణిక వరసతో సరిపోల్చి ఆ చెట్టు నరికిన ఏడాదిని చెప్పవచ్చు. బెరడు అంచు మిగిలి ఉంటే దాదాపు కచ్చితంగా చెప్పవచ్చు. బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ యూనివర్సిటీలో మైక్ బెయిలీ, జాన్ పిల్చర్ బృందం బురదనేలల్లో పూడిపోయిన దుంగల నుంచి ఇళ్ల దూలాల దాకా పోగుచేసి ఏడువేల ఏళ్లకు పైబడిన ఐరిష్ ఓక్ వరసని 1980ల్లో పూర్తి చేసింది. ప్రపంచంలో పేరున్న కొలబద్దల్లో అదొకటి.

ఈ పద్ధతి పబ్బుల పంతాన్ని ఎలా తేలుస్తుందో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ చూపించింది. ఆ ఊళ్లో మూడు పబ్బులు ‘నేను ముందంటే నేను ముందు’ అని కొట్టుకునేవి. ‘ట్రిప్ టు జెరూసలేం’ గోడ మీద 1189 అని కొట్టొచ్చినట్టు రాసి ఉంటుంది. 1998లో ఓ టీవీ కార్యక్రమం కోసం నిపుణులు దూలాల్లోంచి నమూనాలు తీసి పరీక్షించారు. 1189 బోర్డున్న పబ్బు కట్టడంలో అన్నిటికన్నా పాత భాగం 1650ల ప్రాంతానిదని తేలింది. అంత హడావుడి చేయని ‘బెల్ ఇన్’ దూలాలు 1420 నాటివని బయటపడి అదే గెలిచింది. డబ్లిన్‌లో దీనికి తలకిందులైన కథ కూడా ఉంది. ఆంజియర్ స్ట్రీట్‌లో మామూలు దుకాణంలా కనిపించే ఓ భవనం ముఖానికి వేసిన కొత్త గోడ వెనక, 1660ల నాటి ఇల్లు చెక్కుచెదరకుండా దాక్కుని ఉంది. దాని గోడ మీద ఏ సంవత్సరమూ రాసి లేదు.

కిల్‌కెనీ ఊళ్లోని ‘కిటెలర్స్ ఇన్’ సంగతి మరీ చిత్రం. అది 1324 అంటుంది. 1324 కిల్‌కెనీ చరిత్రలో గట్టి తేదీయే. అయితే అది సత్రం తెరిచిన తేదీగా కాదు. ఆలిస్ కిటెలర్ అనే ధనవంతురాలి మీద బిషప్ లెడ్రెడ్ మంత్రగత్తె అని కేసు పెట్టిన ఏడాది అది. ఒకరి తర్వాత ఒకరుగా నలుగురిని పెళ్లాడిన ఆమె, సవతి పిల్లల ఫిర్యాదు ముదిరేసరికి దేశం విడిచి పారిపోయింది. దొరికిపోయిన దాసి పెట్రొనిల్లాను ఆ ఏడాది నవంబర్ 3న సజీవంగా కాల్చేశారు. ఒక ఆడమనిషిని దహనం చేసిన సంవత్సరం ఇప్పుడు భోజనాల పట్టిక మీద వ్యాపార చిహ్నంగా కూర్చుంది. పబ్బుల తేదీలన్నిటిలో కొంచెం ముల్లులా గుచ్చుకునేది ఇదే.

మద్యం కంపెనీలూ ఈ ఆటలో వెనకబడలేదు. బుష్‌మిల్స్ విస్కీ సీసా మీద 1608 ఉంటుంది. నిజానికి ఆ ఏడాది జేమ్స్ రాజు ఆ ప్రాంతంలో సారా కాచుకునే అనుమతి థామస్ ఫిలిప్స్ అనే సర్దారుకి ఇచ్చాడు. బుష్‌మిల్స్ కంపెనీ రిజిస్టర్ అయింది 1784లో. గిన్నిస్ మాత్రం ఈ విషయంలో నిక్కచ్చి: 1759 డిసెంబర్ 31న ఆర్థర్ గిన్నిస్ ఏడాదికి 45 పౌండ్ల అద్దెకి, తొమ్మిది వేల ఏళ్ల కౌలుకి సెయింట్ జేమ్స్ గేట్ స్థలం తీసుకున్నాడు. పత్రం ఉంది కాబట్టి తేదీ మీద పేచీ లేదు.

పబ్బుల్లోనూ అలాంటివి ఉన్నాయి. డబ్లిన్‌లో గ్లాస్‌నెవిన్ శ్మశానం గోడని ఆనుకుని కావనాల పబ్బుంది. జనం ‘గ్రేవ్‌డిగ్గర్స్’ అంటారు, గోతులు తవ్వేవాళ్ల పబ్బు అని. అది చెప్పుకునే ఏడాది 1833. శ్మశానం తెరిచింది 1832లో. శవయాత్రలు మొదలైన మరుసటేడు వాటి వెనకాలే దాహం తీర్చే కొట్టు తెరుచుకోవడం అతికినట్టు సరిపోతుంది, తరతరాలుగా అదే కుటుంబం నడపడం ఇంకో సాక్ష్యం. పూల్‌బెగ్ స్ట్రీట్‌లోని మలిగన్స్ బోర్డు 1782 అంటుంది, కానీ మలిగన్ కుటుంబం ఆ వీధికి వచ్చింది 1854లో. స్టాగ్స్ హెడ్ మూలాలు 1770లవి. మనం చూసి మురిసిపోయే అద్దాలు, చెక్కపని మాత్రం 1895లో జార్జ్ టైసన్ పూర్తిగా కొత్తగా కట్టించినప్పటివి. ఈ రెండూ తేదీలు దాచుకోవు. అడిగితే రెండు సంవత్సరాలూ చెబుతాయి. పాత పబ్బు అనే మాటకి అంతకు మించిన మర్యాద అక్కర్లేదు.

ఐర్లాండ్ వెళ్లే ఆలోచనున్న పాఠకులు ఓ చిన్న పని ఇంట్లోనే చేసి బయల్దేరవచ్చు. చెక్కుచెదరకుండా మిగిలిన 1901, 1911 జనాభా లెక్కల ఫారాలు ఐర్లాండ్ జాతీయ ఆర్కైవ్స్ వాళ్ల సైట్లో ఉచితంగా దొరుకుతాయి. వీధి పేరు కొడితే ఇంటింటి వివరం వస్తుంది. వాటిలో భవనాల ఫారం ఒకటుంది. గోడ రాయిదా మట్టిదా, పైకప్పు పలకలా గడ్డా, వీధి వైపు కిటికీలు ఎన్ని, అది ఇల్లా, దుకాణమా, పబ్బా అన్నది ఆ వీధిలో లెక్కలు తీసిన పోలీసాయన తన చేతి రాతతో నింపాడు. పన్నెండో శతాబ్దం బోర్డు పెట్టుకున్న పబ్బు చిరునామా ఎదురుగా 1901లో ఆయన ఏమని రాశాడో ముందు అది చూడండి.